ఉష్ణపు జమాఖర్చు

ఉష్ణము వేఱు, ఉష్ణోగ్రత వేఱు అను మాట బడిలో చదువనివారు అరుదు. కాని పదునెనిమిదవ శతాబ్దపు మధ్యకాలమున గ్లాస్గో విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన జోసెఫ్ బ్లాక్ ఆ భేదమును లెక్కలో నిలిపిన తీరు ఎన్ని మాఱులు తలచినను నాకు ఆనందమునే కలిగించును. వైద్యాచార్యుడు బోర్హావె కోరికపై థర్మామీటర్ల నిర్మాత ఫారన్‌హీట్ చేసిన పాత ప్రయోగమొకటి ఆయనకు ఆధారము. ఫారన్‌హీట్ మానపు 100 డిగ్రీల నీటిలో, అంతే పరిమాణముగల 150 డిగ్రీల పాదరసమును పోసి కలియబెట్టినచో మిశ్రమము 125 వద్ద గాక 120 వద్ద నిలుచునని బ్లాక్ చెప్పెను. పాదరసము 30 డిగ్రీలు కోల్పోగా నీరు 20 మాత్రమే పొందినదన్నమాట. బరువును బట్టియే పదార్థములు ఉష్ణమును గ్రహించుననుకొన్నచో, నీటికంటె పదుమూడు రెట్లకు మించిన బరువుగల పాదరసమే గెలువవలసియుండెను. నేటి విలువలతో లెక్కించినచో ఆ మిశ్రమము ఇంచుమించు 116 డిగ్రీలకు దిగవలెను. అంకె కొంత తప్పినను, ప్రతి పదార్థమునకును ఉష్ణగ్రహణమున తనదైన శక్తి కలదని బ్లాక్ తీసిన నిర్ణయము తప్పలేదు.

ఆ శక్తినే మనము విశిష్టోష్ణ మందుము. ఒక కిలోగ్రాము పదార్థమును ఒక సెల్సియస్ డిగ్రీ వేడిచేయుటకు నీటికి 4186 జౌళ్లు కావలెను. అల్యూమినియమునకు సుమారు 900, రాగికి 385, సీసమునకు 128 చాలును. ఈ పట్టికను కంఠస్థము చేయుట సులువు. ఒక్క అంకెనైనను స్వహస్తముతో రాబట్టుటలోనే విద్య యున్నది.

అట్లు రాబట్టు మార్గములలో మిశ్రమపద్ధతి చూచుటకు మిక్కిలి సరళము. 200 గ్రాముల సీసపు గుండ్లను ఆవిరి చుట్టును తిరుగు గొట్టములో 100 డిగ్రీల వఱకు కాచి, రాగి కెలోరీమీటరు (ఉష్ణమును కొలుచు పాత్ర)లోని 30 డిగ్రీల నీటిలోనికి, ఆ నీరు 100 గ్రాములనుకొందము, ఒక్క ఊపున జార్చి, కలియబెట్టుచు, థర్మామీటరు పైకెక్కి నిలిచిన చోటు వ్రాసికొనవలెను. గుండ్లు పొడిగా నుండవలెను. వానిని అంటుకొని ఒక్క వేడినీటి బొట్టు వచ్చినను, తనపాటి బరువుగల సీసముకంటె ముప్పది రెట్లకు మించిన ఉష్ణమును మోసికొనివచ్చును. ఇంత శ్రమకు నీరు పెరుగునది నాలుగు డిగ్రీలకు లోపే, దాదాపు 3.8 మాత్రమే. కనుక థర్మామీటరు చదువుటలో పదియవ వంతు డిగ్రీ పొరబడినను ఫలితము నూటికి మూడుపాళ్లకు దగ్గఱగా చెడును.

తరువాతిది జమాఖర్చు: సీసము కోల్పోయిన ఉష్ణము నీరు పొందిన దానితో సరిపోవలెను. నీరు మాత్రమేనా? అరవై గ్రాముల రాగిపాత్రయు ఆ నీటితోపాటు వేడెక్కినది కదా! పాత్రను లెక్కలో చేర్చినచో సీసమునకు 128 వచ్చును. మఱచినచో 121 వద్ద ఆగును. ‘పాత్ర గ్రహించిన ఉష్ణమును లెక్కింపనక్కఱలేదు’ అని ప్రశ్నల చివర చేర్చు వాక్యము విద్యార్థికి ఉపకారము చేయదని నా దృఢాభిప్రాయము. ఈ లెక్కలోని రసమంతయు ఆ విడిచిన భాగముననే యున్నది.

పాత్రను పట్టుకొన్నను గది మిగులును. నీరు వెచ్చబడిన కొలది చుట్టునున్న గాలికి ఉష్ణము జారిపోవుచుండును. దీనికి రంఫర్డు ప్రభువు అను శాస్త్రజ్ఞుని పేర చెప్పు ఉపాయమొకటి కలదు: నాలుగు డిగ్రీలు పెరుగునని తోచినచో నీటిని గదికంటె రెండు డిగ్రీలు చల్లగా నుంచి మొదలుపెట్టుట. మొదటి సగమున గది ఇచ్చినది రెండవ సగమున గదియే తీసికొనును. తూకమింత సమముగా ఎల్లప్పుడును కుదురదు. సీసము నీటికి ఉష్ణమును మొదట వడివడిగా ఇచ్చి, పిమ్మట మందగించును గనుక, నీరు గదికంటె చల్లగా నుండు కాలము స్వల్పమే యగును. అయినను చేసిన ప్రతిసారియు ఆ ఉపాయపు సొగసునకు నేను ముగ్ధుడనగుదును.

లవోయిజియే, లాప్లాసు అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1782–83 శీతకాలమున మఱియొక మార్గమును త్రొక్కిరి. వారి పాత్రకు మంచుగోడలు రెండు: గదివేడిమి వెలుపలి మంచును కరగించుటతో సరి, లోపలి మంచును కరగించునది నడుమనున్న వస్తువు మాత్రమే. కారిన నీటిని తూచినచో, గ్రామునకు 334 జౌళ్ల చొప్పున ఉష్ణము తేలును. గది పీడ ఆ విధముగా తొలగినది గాని, కరగిన నీరంతయు క్రిందికి కారక, కొంత మంచుతునుకల సందులలోనే నిలిచిపోవుచుండెడిది.