సీటు ఇచ్చారు, చోటు ఇచ్చారా?

'బెస్ట్ అవైలబుల్ స్కూల్' పథకం కింద మన పిల్లల్ని పట్నం ప్రైవేటు బళ్లకు పంపుతున్నారు. సీట్లకు లాటరీ తీస్తారు. పేరు వచ్చిన ఇంట్లో ఆ రోజు పండుగే. ఫీజు ప్రభుత్వం కడుతుంది. మంచి పథకమే, కాదనను. కానీ బిడ్డను గేటు దాకా చేర్చి, మా పని అయిపోయింది అనుకుంటున్నారు చూడండి, నా పేచీ అక్కడ.

కోయపిల్ల "ఏర్" అంటే నీళ్లు కావాలని. తెలుగు టీచరుకు ఏరు అంటే వాగు. పిల్ల దాహంతో నిలబడే ఉంటుంది, టీచరేమో "దీనికి మాటలు రావు" అంటుంది. రానిది ఎవరికి? వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి వంటి ఎనిమిది భాషల్లో వాచకాలు కూడా వేశారు. అవి ఏజెన్సీ బళ్లకే. పట్నం చేరిన పిల్లకు అవి అక్కర్లేదని తేల్చిందెవరు?

ఇక వార్షికోత్సవం. 'గిరిజన నృత్యం' అని మైకులో చెబుతారు. ముఖానికి మసి, నడుముకు ఆకులు, చేతిలో ఈటె, అర్థంలేని కేకలు. ముందు వరసలో తల్లిదండ్రులు చప్పట్లు. ఆ గుంపులో మన పిల్ల కూడా ఉంటుంది, తనను తానే వెక్కిరించుకుంటూ. గుస్సాడీకి నెమలి పింఛాల టోపీ ఉంది, దీక్ష ఉంది, నియమాలున్నాయి. ఆ నాట్యాన్ని నేర్పిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన ఫొటో ఒక్కసారి చూసిన మాస్టారైనా పిల్లల మొహాన మసి పూయిస్తాడా?

అదే మార్లవాయిలో 1940లలో హైమన్‌డార్ఫ్ గోండు యువకులకే టీచరు శిక్షణ ఇప్పించాడు. గోండిలో వాచకాలు రాయించాడు. నిజాం పాలనలో, రోడ్డు కూడా సరిగాలేని చోట జరిగిన పని అది. స్మార్ట్ బోర్డులున్న బడికి చేతకాదంటే నమ్మమంటారా?

"ఇంగ్లీషు రావాలంటే మన భాష వదలాలి" అని మన యువకులే కొందరు అంటున్నారు. ఇంట్లో కోయ, సంతలో తెలుగు మాట్లాడే పిల్లకు మూడో భాష బరువు కాదు. మొదటిదాన్ని సిగ్గుపడే వస్తువుగా చేస్తేనే నోరు మూతపడుతుంది.

ఈసారి లాటరీకి వెళ్లినప్పుడు అధికారిని ఒక మాట అడగండి: ఆ బడిలో మన భాష తెలిసిన టీచరు ఒక్కరైనా ఉన్నారా? నాగోబా జాతరకు ఊరికి వచ్చిన పిల్లకు ఆబ్సెంట్ వేస్తారా, సెలవు ఇస్తారా? డి.ఎడ్. చేసి ఉద్యోగం లేక ఇంటి దగ్గరున్న మనవాళ్ల పేర్లు కూడా ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.