నక్క వేషంలో రాబిన్ హుడ్: విమర్శకులు చూసినది, చూడనిది

వాల్ట్ డిస్నీ స్టూడియో 1973లో విడుదల చేసిన ‘రాబిన్ హుడ్’ యానిమేషన్ చిత్రం విషయంలో విమర్శకులు నేటికీ ఒక్క మాట మీదికి రాలేదు. ధనికులను దోచి పేదలకు పంచిన ఇంగ్లండ్ జానపద వీరుడి కథను జంతువులే పాత్రలుగా చెప్పిన ఈ చిత్రంలో నాయకుడు నక్క, అతని చెలికాడు లిటిల్ జాన్ ఎలుగుబంటి, పన్నులు గుంజే నాటింగ్‌హామ్ అధికారి తోడేలు, అన్న లేని అదును చూసి గద్దెనెక్కిన ప్రిన్స్ జాన్ జూలు లేని సింహం. మధ్యయుగ యూరప్ కథల్లోని జిత్తులమారి నక్క రేనార్డ్‌ను తెరకెక్కించాలని స్టూడియోకు ఎప్పటినుంచో ఉన్న ఆలోచన, వంచకుడు పిల్లల చిత్రానికి నాయకుడెలా అవుతాడన్న సందేహంతో ఆగిపోగా, రూపకర్త కెన్ ఆండర్సన్ ఆ నక్కకు రాబిన్ హుడ్ వేషం కట్టాడు.

కథనం అతుకులబొంతలా ఉందన్న ఆక్షేపణ న్యాయమైనదే. విలువిద్య పోటీ, పన్నుల వసూలు, చెరసాల ఘట్టం ఒకదాని పక్కన ఒకటి నిలుస్తాయే గాని ఒకదానిలోంచి మరొకటి పుట్టవు.

మరింత పదునైన విమర్శ షెర్వుడ్ అడవిలోని నృత్య ఘట్టం మీద వచ్చింది. పాత చిత్రాల బొమ్మలను ఆధారంగా పెట్టుకుని, అవే కదలికల మీద కొత్త పాత్రలను గీసే పద్ధతిని అక్కడ వాడారు. నాయిక మారియన్ అడుగుల్లో కొన్ని 1937 నాటి ‘స్నో వైట్’వి, తక్కిన జంతువుల చిందుల్లో కొన్ని ‘జంగిల్ బుక్’, ‘అరిస్టోక్యాట్స్’ చిత్రాలవి. 1966లో వాల్ట్ డిస్నీ మరణించాక స్టూడియో సత్తువ తగ్గిందనడానికి దీన్ని రుజువుగా చూపుతారు. అయితే ఇక్కడి అసలు లోపం పొదుపు కాదు. మారియన్ అనే ఆడనక్క తనదైన తీరులో ఎలా ఆడుతుందో తెలియవలసిన చోట మరొక నాయిక దేహం కదలడమే లోపం.

గీతల గరుకుతనాన్ని తప్పుపట్టినవారితో మాత్రం ఏకీభవించడం కష్టం. చిత్రకారుడు కాగితం మీద పెన్సిలుతో గీసిన బొమ్మను పారదర్శకమైన సెల్యులాయిడ్ పలక మీదికి సిరాతో చేత్తో ఎక్కించడం పూర్వపు పద్ధతి కాగా, 1961 నాటి ‘101 డాల్మేషియన్స్’ కాలానికి ఆ పనిని జిరాక్స్ యంత్రం అందుకుంది. దానివల్ల అంచులు నల్లగా, గరుగ్గా కనబడినా, మునుపు నకలు తీసేవారి చేతిలో నునుపెక్కిపోయే చిత్రకారుడి సొంత గీత, దాని వేగంతో, తడబాటుతో సహా తెర మీదికి వచ్చింది.

ఆ గీతకు ఫలం ప్రిన్స్ జాన్. పీటర్ ఉస్టినోవ్ గొంతులోని దర్పానికీ బేలతనానికీ తగినట్టు యానిమేటర్ ఆలీ జాన్‌స్టన్ ఆ సింహానికి ప్రాణం పోశాడు. తల్లి పేరు వినబడగానే బొటనవేలు చీకుతూ చెవి పట్టుకునే రాజులో క్రౌర్యం, పసితనం ఒక్క కదలికలోనే తెలిసిపోతాయి. అతని సలహాదారు, చేతులు లేని పాము సర్ హిస్ తలతో, మెడతో, పళ్ల సందులోంచి తొంగిచూసే నాలుకతో చేసే అభినయం ఇంకా కష్టమైనది. కథ బలహీనపడిన చోటల్లా చిత్రాన్ని నిలబెట్టేది ఈ జంటే. కథాబలంతో మాత్రమే తూచినవారు ఈ చిత్రానికి తక్కువ మార్కులు వేశారు. బాల్యంలో దీన్ని ప్రేమించిన బైరన్ హోవర్డ్ మాత్రం 2016లో సహదర్శకుడిగా తీసిన ‘జూటోపియా’లో ప్రధాన పాత్రల్లో ఒకదానికి మళ్లీ నక్కనే ఎంచుకున్నాడు.