‘కృత్రిమ ఎముక’ – పారిభాషిక పద పరిశీలన

దవడ ఎముకలోని ఖాళీని పూరించే హైడ్రాక్సీఅపటైట్, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌లను ‘కృత్రిమ ఎముక’ అనడం సమంజసం కాదు. వాటిలో జీవకణం లేదు. రోగి ఎముక కణాలు అల్లుకోవడానికి అవి ఆధారం మాత్రమే. తోటపని నుంచి తెచ్చుకున్న ‘అంటు’ కూడా ఇక్కడ అతకదు. అంటుకొమ్మ తానే చిగురిస్తుంది. తుని తమలపాకు తోటల్లో తీగకు నిలిపే ఊత ఇంతకంటే దగ్గరి పోలిక. హైడ్రాక్సీఅపటైట్ ఆ ఊతలాగే చాలాకాలం నిలుస్తుంది. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ మాత్రం క్రమంగా కరిగి కొత్త ఎముకకు చోటిస్తుంది. పోలిక అంతవరకే. అయినా ‘ఎముక ఊత’ అన్న పదబంధం వస్తుధర్మాన్ని దాచదు.

ఇది మాటల పట్టింపు కాదు. నోటి క్యాన్సర్ వల్ల దవడలో పెద్దభాగం తొలగించినప్పుడు ఈ పొడి, రేణువులు చాలవు. సాధారణంగా కాలిలోని ఫిబులా ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి అమర్చుతారు. ‘కృత్రిమ ఎముక’ అని విన్న రోగి, తన కాలిని ఎందుకు కోయాలని అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.