చౌక దీపము, పొదుపు లెక్క

ఇంటి దీపమును మార్చుకొనుమని గృహస్థునకు చెప్పుట సులభము. మార్చుకొనుట మాత్రము అతని చేతిలోని రూకలపై ఆధారపడియుండును. 60 వాట్ల తంతుదీపము రోజునకు 5 గంటలు వెలిగినచో 300 వాట్-గంటల విద్యుత్తు ఖర్చగును. తంతువు వేడెక్కి వెలుగుటలో శక్తి చాలవరకు ఉష్ణముగా పోవును. అంతకు తీసిపోని వెలుగునిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకు 45 వాట్-గంటలు చాలును. ఏడాదికి మిగులు సుమారు 93 యూనిట్లు. అయినను జనులు చాలకాలము మారలేదు. మిగులు నెలనెలా చిల్లరగా వచ్చును; వెల ఒక్కసారిగా చెల్లింపవలెను. చిక్కంతయు అక్కడనే యున్నది.

దీనిని విప్పుటకు మన దేశమున రెండు ప్రయత్నములు జరిగినవి. మొదటిది 2009లో ఆరంభమైన బచత్ లాంప్ యోజన. పాత తంతుదీపమునిచ్చి 15 రూపాయలకే సి.ఎఫ్.ఎల్. దీపమును పొందవచ్చునని ఏర్పాటు. మిగిలిన వెలను పెట్టుబడిదారు క్యోటో ఒడంబడిక క్రింద లభించు కర్బన క్రెడిట్లనమ్మి రాబట్టుకొనవలెను. ఈ తరహా పంపిణీ తొలుత జరిగిన నగరములలో విశాఖపట్టణమొకటి. కాని 2012 నాటికి ఆ క్రెడిట్ల ధర పడిపోయెను, పథకము కుంటుపడెను. విశాఖ వంటింటి దీపము ఐరోపా అంగడి ధరపై ఆధారపడుటయే ఇందలి మూలదోషము.

రెండవది 2015 జనవరిలో ఆరంభమైన ఉజాలా. ఇందులో ప్రభుత్వరంగ సంస్థ టెండర్లు పిలిచి దీపములను కోట్ల సంఖ్యలో కొనెను. 2014లో సుమారు 310 రూపాయలుండిన కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగెను. ప్రపంచమంతటను ఎల్.ఇ.డి. ధరలు తగ్గుచుండుట ఇందుకు తోడ్పడినను, పెద్ద మొత్తపు కొనుగోలు ఆ వేగమును పెంచెను. పలుచోట్ల వెలను కరెంటు బిల్లుతో వాయిదాలలో చెల్లించు వీలు కల్పించిరి. 36 కోట్లకు పైగా దీపములు ఇండ్లకు చేరినవి. ఉపన్యాసములు చేయలేని పనిని ధర చేసినది.

ఇంతవరకు మెచ్చదగినదే. అయితే పథకము పేర ప్రకటించు పొదుపు ఇంటింటి మీటరులో కొలిచినది కాదు. పంచిన దీపముల సంఖ్యను, అనుకొన్న వాట్లతోను గంటలతోను గుణించి తేల్చిన అంచనా అది. కొత్త దీపము 40 వాట్ల ట్యూబులైటు స్థానమున చేరినచో మిగులు తగ్గును. ఇంతకు మునుపు చీకటిగానున్న వసారాలో వెలిగినచో మిగులే లేదు. పేదయింటి వసారాకు వెలుగు వచ్చుట మంచిదే. దానిని పొదుపు పద్దులో వ్రాయుట మాత్రము సరికాదు.

ఈ పరీక్షను విద్యార్థులే చేయవచ్చును. దీపములు మార్చుటకు ముందొక నెల, తరువాతొక నెల మీటరు అంకెలను వ్రాసికొని, ఫంకాల వాడకములోని భేదమును గుర్తించి పోల్చవలెను. దీపమును చౌకచేయుట అంగడికి సాధ్యమైనది. పొదుపు నిజమైనదో కాదో చెప్పవలసినది మీటరే.