మూడు పేర్ల కాపురం

విదేశాల్లో స్థిరపడ్డ దంపతులు సొంతూరి బడికి గదులు కట్టించడం మనకి కొత్తేమీ కాదు. గోడకి శిలాఫలకం, దాని మీద ఇద్దరి పేర్లు, ప్రారంభోత్సవం ఫొటో, వారం తిరక్కుండా తిరుగు విమానం. తప్పు పట్టడం లేదు, ఆ గదుల్లో చదివి బాగుపడ్డవాళ్లు బోలెడుమంది. కాకినాడ దగ్గర సంకురాత్రి చంద్రశేఖర్ గారు చేసిన పనిలో పనితనం మాత్రం వేరు.

ఆయన ఒట్టావాలో కెనడా ఆరోగ్యశాఖలో జీవశాస్త్రవేత్త. 1985 జూన్ 23న ఐర్లండ్ తీరానికి అవతల ఎయిరిండియా ‘కనిష్క’ విమానం బాంబుకి పేలిపోయింది. పోయిన 329 మందిలో ఆయన భార్య మంజరి, పిల్లలు ఆరేళ్ల శ్రీకిరణ్, మూడేళ్ల శారద ఉన్నారు. మూడేళ్లు ఎలాగో గడిపి, 1988లో ఉద్యోగం వదిలి, ఇల్లమ్మేసి వచ్చేశారు.

వచ్చి ఏం చేశారో పేర్లలోనే ఉంది. 1989లో కెనడాలో మొదలైన, డబ్బు సమకూర్చే సంస్థ మంజరి పేరున. 1992లో బడి శారద పేరున. 1993లో కంటి ఆసుపత్రి శ్రీకిరణ్ పేరున. చదువుల తల్లి పేరు చదువుకి, వెలుగు రేఖ పేరు చూపుకి, ఆ రెంటికీ ఇంత వండిపెట్టే చోట అమ్మ పేరు. ఏ పేరునూ తెచ్చి తగిలించినట్టుండదు.

నాకు మరీ నచ్చింది బడికీ ఆసుపత్రికీ కుదిరిన జత. నాయనమ్మకి శుక్లాలు ముదిరాయనుకోండి. అమ్మానాన్నా కూలికి పోతే, ఆవిడ కర్ర కొస పట్టుకు నడిపించడానికి ఒకరు ఇంట్లో ఆగిపోవాలి. ఆగేది సాధారణంగా ఆడపిల్లే. ఎంత మంచి బడి పెట్టినా ఆ పిల్ల రాదు. ఆసుపత్రి బస్సు ఊళ్లకి వెళ్లి రోగుల్ని ఎక్కించుకొస్తుంది. బీదవాళ్లకి పడక, భోజనం, ఆపరేషన్ ఉచితం. కట్టు విప్పాక ముసలావిడ తన కర్ర తనే పట్టుకుంటుంది. పిల్ల చెయ్యి ఖాళీ అవుతుంది.

ఇక బళ్లో పుస్తకాలు, యూనిఫాం, భోజనం, వైద్య పరీక్షలు అన్నీ వాళ్లవే. ఫీజు లేకపోతే చాలదా అంటాం గానీ, బడి మానిపించేది ఎప్పుడూ ఫీజే కాదు. చంక దగ్గర చిరిగిన చొక్కాతో నలుగురిలో కూర్చోలేకపోవడం, అయిపోయిన నోటుపుస్తకం గురించి నాన్నని అడగలేకపోవడం. ఇల్లు నడిపినవాళ్లకే తట్టే లెక్కలివి. బదులుగా ఆయన అడిగేది క్రమశిక్షణ ఒక్కటే. మధ్యలో మానేసే పిల్లలు ఉండరని ఆ బడికి పేరు.

2023లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే.

నా ఊహ మాత్రం జూన్ నెల చుట్టూ తిరుగుతుంది. బళ్లు తెరిచే నెల. కొత్త నోటుపుస్తకాలకి అట్టలేసి, లేబుళ్లు అంటించి, పిల్లలు ముందు తమ పేరు, కింద తరగతి రాస్తారు. ఆ కింద గీత మీద, నాలిక కొస బయటపెట్టి, ఒత్తు తప్పకుండా, ‘శారదా విద్యాలయం’ అని రాస్తారు.