టిప్పణి మింగిన మూలం

పాత పుస్తకాల దుకాణంలో దొరికిన స్కోఫీల్డ్ బైబిలు కొన్నాళ్ళుగా నా బల్లమీద వున్నది. పైన మూలం, అడుగున టిప్పణి. "మతం మత్తుమందని తేలిపోయాక యిదంతా చదవడమెందుకు మాస్టారూ?" అని విద్యార్థి ఒకడు అడిగాడు. తేలిపోయిందనుకోవడమే మన విమర్శకు పట్టిన జాడ్యం. ఏ మత్తు, యెవరు కాచారు, యెవరికి పోశారు అన్నది తేలవద్దా?

ఆ టిప్పణి వెనకనున్న సిద్ధాంతం పేరు డిస్పెన్సేషనలిజం. యుగవిభాగ సిద్ధాంతమని చెప్పుకోవచ్చు. దేవుడు మానవులతో వ్యవహరించే తీరు కాలాన్నిబట్టి మారుతూ వచ్చిందనీ, ఆదాము నిర్దోష కాలం మొదలు రాబోయే రాజ్యం దాకా అట్టి యుగాలు ఏడనీ స్కోఫీల్డ్ లెక్క. మనమున్నది ఆరవదైన కృపాయుగం. మన చతుర్యుగాలతో దీన్ని పోల్చడం పొరపాటు. అవి చక్రంలా తిరిగి వస్తాయి. ఇవి ఒక్కసారే జరుగుతాయి. ప్రతి యుగమూ మనిషి పరీక్షలో తప్పడంతోనే ముగుస్తుంది.

దీనికి రూపమిచ్చినవాడు జాన్ నెల్సన్ డార్బీ (1800–1882). డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చదివాడు. న్యాయవాద వృత్తి వదిలి ఆంగ్లికన్ గురువయ్యాడు. ఐర్లండులో విక్లో కొండప్రాంతపు పేదల మధ్య పనిచేశాడు. కాథలిక్కు రైతులు తన సంఘంలో చేరుతున్న దశలో, చేరేవాడు ఇంగ్లండు రాజుకు విధేయుడనని ప్రమాణం చెయ్యాలని ఆర్చిబిషప్పు నిబంధన పెట్టాడు. క్రీస్తు సంఘం రాజుగారి కచేరీ అయిందని డార్బీకి అర్థమయింది. ఇంతవరకు అతని కోపం న్యాయమైనదనే నేనంటాను. కాని ఆ కోపం కచేరీని నిలదీయలేదు. కనిపించే సంఘమంతా భ్రష్టమైంది, నిజమైన సంఘం పరలోకానికి చెందినది అని తేల్చి పక్కకు తప్పుకున్నది.

1831 మొదలు పవర్స్‌కోర్ట్ ప్రభ్వి భవనంలో ప్రవచన సదస్సులు జరిగాయి. అంతకుముందు లోకం క్రమంగా బాగుపడి వెయ్యేండ్ల శాంతికి చేరుతుందని నమ్మిన ప్రొటెస్టెంట్లు చాలామంది. ఫ్రెంచి విప్లవం తర్వాత ఆ ధీమా సడలింది. డార్బీ దాన్ని పూర్తిగా తలకిందులు చేశాడు: లోకం చెడిపోతూనే వుంటుంది, విశ్వాసులు ముందుగా ఆకాశానికి ఎత్తబడతారు, మిగిలినవారికి ఏడేండ్ల మహాశ్రమలు. ఆ ఏడేండ్లు యెక్కడివి? దానియేలు గ్రంథంలోని డెబ్బది వారాలలో అరవైతొమ్మిది గడిచాయట, చివరిది ఆగి వున్నదట. మధ్యలో సంఘపు కాలమంతా బ్రాకెట్లలో పెట్టిన మాట వంటిది. అక్షరార్థమే మా మార్గమని చెప్పేవారే వాక్యం నడుమ యిన్ని శతాబ్దాల ఖాళీని చొప్పించారు!

డార్బీ సహచరులందరూ డార్బీలు కారు. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ 1836లో బౌడెన్, బీర్ అనేవారిని మన దేశానికి తెచ్చాడు. నరసాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్ వారి చేతులమీదుగా వెలిసింది. ఆ యేడే అతడు డార్బీకి జాబు రాసి, నీ దారి ఇరుకవుతున్నదని హెచ్చరించాడు. 1848లో ఆ బ్రెదరెన్ సమాజం రెండుగా చీలింది.

అసలు వ్యాప్తి అమెరికాలో. 1862–1877 మధ్య డార్బీ అక్కడ పలుమార్లు పర్యటించాడు. అంతర్యుద్ధం, తర్వాత ఫ్యాక్టరీలు, సమ్మెలు – లోకం మునిగిపోయే ఓడ, నా పని కొందరిని పడవలోకి లాగడమే అన్న మూడీ ప్రసంగం పట్టణ జనానికి బాగా పట్టింది. దక్షిణాది సైన్యంలో పనిచేసి లాయరైన సైరస్ స్కోఫీల్డ్ 1909లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ద్వారా ఈ బైబిలు వెలువరించాడు. మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. స్కోఫీల్డ్‌కు అట్టి నిష్ఠ లేదు. వాక్యమూ వ్యాఖ్యా ఒకే పుటలో వుండడంతో రెండూ ఒకే గొంతుగా వినిపించాయి.

మత్తయి అయిదవ అధ్యాయం దగ్గర నేను ఆగిపోయాను. కొండమీది ప్రసంగం రాబోయే రాజ్యానికి ధర్మశాస్త్రమనీ, నీతిబోధగా మనకూ పనికివచ్చినా సంఘపు విధులకు అది మూలం కాదనీ టిప్పణి. భూమి సాధుజనులకు దక్కుతుందన్న మాట, శత్రువును ప్రేమించమన్న మాట – ప్రభువులకు బొత్తిగా గిట్టని మాటలన్నీ ఒక్క గీతతో వచ్చే యుగానికి వాయిదా పడ్డాయి. కోర్టు వాయిదా యెవరికి లాభమో పల్లెటూరి కక్షిదారుకు చెప్పనక్కరలేదు.

ఇదంతా కమ్యూనిజానికి విరుగుడుగా పుట్టిందని మనవాళ్ళనడం మాత్రం తప్పు. యెహెజ్కేలు గ్రంథంలోని ఉత్తరదిక్కు శత్రువు రష్యాయేనని స్కోఫీల్డ్ 1909లోనే రాశాడు. అప్పుడక్కడ జారు పాలిస్తున్నాడు! 1970లో హాల్ లిండ్సే పుస్తకం ఆ స్థానంలో సోవియట్ యూనియన్ను నిలిపి లక్షలాది ప్రతులు అమ్ముడయింది. 1991లో ఆ యూనియనే పోయింది. 1995లో లెఫ్ట్ బిహైండ్ నవలలు మొదలయ్యాయి. వాటికీ అంతే గిరాకి. అణుబాంబు భయం నిజమైనది గనుక ఆ పాఠకులను చూసి నేను నవ్వలేను.

1924లో స్థాపితమై ఈ సిద్ధాంతానికి కోట అయిన డాలస్ బడిలోంచే 1990 దశకంలో బ్లేజింగ్, బాక్ అనే పండితులు తమది 'ప్రోగ్రెసివ్' శాఖ అన్నారు. మన అభ్యుదయానికీ దానికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. కాని రాజ్యం కొంత యిప్పటికే ఆరంభమైందని వారు వొప్పుకున్నారు. ఆ వొప్పుదలతో కొండమీది ప్రసంగం మళ్ళీ యీనాటి విచారణలోకి వచ్చింది.