ఓడమల్లయ్యకు ఏమిచ్చారు?

ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్నారు పెద్దలు. ఆ అన్నవాడెవడో గాని, విహారనౌక దిగివచ్చి యాత్రా వ్యాసాలు రాసే మాబోటివాళ్ళని ముందుగానే చూసి అన్నట్టున్నాడు.

ఈ మధ్య మనవాళ్ళు ఓడలు తెగ ఎక్కుతున్నారు. అమెరికాలో కొడుకో కూతురో వుండడం, చూడవచ్చిన తల్లిదండ్రుల్ని ఫ్లారిడా తీసుకుపోయి ఏడు రాత్రుల కరేబియన్ ఓడ ఎక్కించడం, దిగాక తండ్రిగారు పత్రికకి ఒక వ్యాసం పంపడం ఇప్పుడొక ఆచారమైపోయింది. ఆ మాటకొస్తే అంతదూరం పోనక్కర్లేదు. 2022లో మన విశాఖపట్నం నుంచే చెన్నైకి ఒక విహారనౌక తిరిగింది. కనక ఈ వ్యాసాలు ఇంకా పెరుగుతాయే గాని తగ్గవు. పెరిగే మొక్క పక్కన ఒక కర్ర పాతడం ఎవరో ఒకరు చెయ్యవలసిన పనే గదా. ఆ పని నేను చేస్తున్నాను. ఎందుకు నేనే చెయ్యాలో చివర్లో చెబుతాను.

నేను చదివినంతలో ఈ వ్యాసాలకి మూడు అంగాలుంటాయి: జాగ్రత్తలు, సౌఖ్యాలు, సూర్యాస్తమయం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొదటి అంగం చాలామంది బాగా రాస్తారు. రోజూ వేసుకునే మందులు చేతిసంచీలోనే వుంచుకోండి, పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు అంటారు. నిజమే. కడుపులో తిప్పే గుణం వున్నవాళ్ళు ఓడ నడిమధ్యన, కింది అంతస్తులో గది తీసుకోండి, అక్కడ వూపు తక్కువ అంటారు. అదీ నిజమే. ఓడ డాక్టరు బిల్లు చూసి కొత్త జబ్బు తెచ్చుకోకుండా ముందే ప్రయాణపు బీమా చేయించుకోండి, అవసరమైతే ఒడ్డుకి తరలించే ఖర్చు కూడా అందులో వుందో లేదో చూసుకోండి అంటారు. ఇది బంగారం లాంటి సలహా. నోరోవైరస్ అనే వాంతుల, విరేచనాల జబ్బు ఓడల్లో ఇట్టే పాకుతుంది; దానికి సీసాలో జెల్లు రాసుకుంటే చాలదు, సబ్బూ నీళ్ళూ పెట్టి చేతులు కడగాలి అంటారు. మా అమ్మమ్మ ఏ ఓడా ఎక్కకుండానే ఈ మాట రోజుకి నాలుగుసార్లు చెప్పేది.

మరి లోపమెక్కడ? ఆ జాగ్రత్తలన్నీ గది గుమ్మం దగ్గర ఆగిపోతాయి. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లో యోకొహామా రేవు దగ్గర డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడని కరోనా కారణంగా ఆపేసిన సంగతి మీకు గుర్తుండే వుంటుంది. ఓడలో 3,711 మంది. అందులో 712 మందికి జబ్బు అంటుకుంది. ప్రయాణికుల్ని గదుల్లో వుండమన్నారు. మంచిదే. అయితే, గది గదికీ భోజనం పళ్ళెం తెచ్చి పెట్టినవాడు ఏ గదిలో వున్నాడు? సిబ్బంది ఒకే గదిలో ఒకరికి మించి పడుకుంటూ, ఒకేచోట తింటూ పనిచేశారు. ఆ ఓడలో 138 మంది భారతీయులుంటే, 132 మంది సిబ్బందే. ఆరుగురే ప్రయాణికులు. మన వ్యాసాలన్నీ ఆ ఆరుగురి వైపు నుంచే వస్తున్నాయన్నది నా మొదటి ఫిర్యాదు.

ఇంక సౌఖ్యాల సంగతి. ఎన్ని అంతస్తులు, ఎన్ని ఈతకొలనులు, పొద్దున్న ఎన్నిరకాల రొట్టెలు, శాకాహారులకి ఏమి దొరికింది, లిఫ్టులో అద్దాలెన్ని! పెళ్ళివారి సారె లెక్క రాసినట్టు రాస్తారు. చదువుతున్నంతసేపూ నాకు బారిస్టర్ పార్వతీశం గుర్తొస్తాడు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు ఆ పుస్తకం మొదటి భాగం వెలువరించింది 1920లలో. మొగల్తూరు కుర్రాడు ఆడవాళ్ళ టోపీ కొని నెత్తిన పెట్టుకుని సీమకి బయలుదేరతాడు. కొలంబోలో ఓడెక్కుతాడు. సముద్రపు కుదుపుకి అల్లాడతాడు. బల్ల మీద చాకులూ ఫోర్కులూ చూసి బిక్కచచ్చిపోతాడు. అదంతా చదివి నవ్వనివాడు లేడు. కాని ఆ నవ్వు ఎవరిమీద? పార్వతీశం తనమీద తానే నవ్వించుకున్నాడు. ఓడలో తనకంటే తెలిసినవాళ్ళే అందరూ. వడ్డించేవాడికి సైతం తనకంటే ఎక్కువే తెలుసు. ఆ వినయం వల్లనే చుట్టూ వున్న మనుషులు మనకీ కనబడతారు. ఇవాళ్టి వ్యాసకర్త తనమీద ఒక్కసారైనా నవ్వుకోడు. డబ్బిచ్చి ఎక్కాడు కనక ఓడే తనకి పరీక్ష ఇవ్వాలనుకుంటాడు.

మనవాళ్ళనే అనడమెందుకు? ఈ శాఖకి ఆద్యుల్లో ఒకడు మార్క్ ట్వేన్. 1867లో క్వేకర్ సిటీ అనే ఆవిరి ఓడ ఒక జట్టు యాత్రికుల్ని న్యూయార్కు నుంచి మధ్యధరా తీరాలకీ, పవిత్రభూమికీ తీసుకుపోయింది. టిక్కెట్టు 1,250 డాలర్లు. ట్వేన్ అందులో పోయివచ్చి 1869లో ది ఇన్నొసెంట్స్ అబ్రాడ్ ప్రచురించాడు. జబ్బుల జాగ్రత్తలు ఆనాడూ వున్నాయి. ఇటలీలో వీళ్ళని ఒక గదిలో పెట్టి పొగవేశారు. ఏథెన్సు రేవులో పదకొండు రోజులు క్వారంటైన్ అన్నారు. ట్వేన్, ఇంకో ముగ్గురూ రాత్రివేళ దొంగతనంగా దిగి పార్థెనాన్ చూసివచ్చారు. దారిలో ద్రాక్షపళ్ళు కూడా కాజేశారు. చదువుతూంటే భలే వుంటుంది. తోటి యాత్రికుల డాంబికాన్ని అతను వుతికి ఆరేసిన తీరు ఇప్పటికీ మాయలేదు.

కాని నాకొక్కటి నచ్చదు. పారిస్‌లో దొరికిన గైడు పేరు తమకి రుచించలేదని అతనికి ఫెర్గూసన్ అని పేరుపెట్టారు. ఆ తరువాత ఏ వూళ్ళో ఏ గైడు దొరికినా ఫెర్గూసనే! హాస్యమే, కాదనను. నేనూ నవ్వాను. అయితే వూరూరా దారి చూపిన మనుషులందరికీ కలిపి ఒక్క పేరు సరిపోయిందే అన్నది పుస్తకం మూశాక గుచ్చుకుంటుంది. తూర్పు దేశాలకి వచ్చాక చాలాచోట్ల బక్షీసు కోసం చాచిన చెయ్యి కనిపిస్తుందే గాని, ఆ చేతి వెనకాల మనిషి ఆనడు. ట్వేన్ అంతటివాడికి కూడా కళ్ళు అక్కడ మసకబారాయి.

ఆ కళ్ళు తెరిచినవాడు డేవిడ్ ఫాస్టర్ వాలెస్ అనే అమెరికన్ రచయిత. 1995 మార్చిలో ఒక పత్రిక పంపితే ఏడు రాత్రులు కరేబియన్ ఓడలో గడిపి, 1996లో హార్పర్స్ పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు. మరుసటేడు పుస్తకంగా వచ్చినప్పుడు పెట్టిన పేరుకి తాత్పర్యం, ఇది సరదా అన్నారు గాని ఇంకెప్పుడూ చెయ్యను అని! అందులో రెండు ఘట్టాలు ఏ యాత్రా రచయితైనా చదవవలసినవి.

ఒకటి, పెట్టె ఘట్టం. వాలెస్ తన సంచీ తానే మోసుకుంటానన్నాడు. లెబనాన్ నుంచి వచ్చిన ఒక కూలీ వద్దని బతిమాలాడు. ప్రయాణికుడి మాట కాదనకూడదు, ప్రయాణికుడి చేత బరువు మోయించనూ కూడదు, రెండూ వుద్యోగధర్మాలే. వాలెస్ పంతం నెగ్గింది, కూలీకి పైఅధికారి చేత చీవాట్లు పడ్డాయి. మన మర్యాద సైతం అవతలివాడి మెడకి చుట్టుకోగలదన్న సంగతి ఇంత సూటిగా చెప్పిన పేజీ ఈ శాఖలో నేను చదవలేదు.

రెండోది పెట్రా ఘట్టం. ఆమె గది సర్దే మనిషి. వాలెస్ అరగంటకి మించి బయటికి వెళితే తిరిగివచ్చేసరికి గది అద్దంలా వుంటుంది. అంతకు ముందే వస్తే ముట్టుకున్న జాడ వుండదు. ఇతనెంతసేపు బయట వుంటాడో ఆమెకెలా తెలుస్తోంది? అపరాధ పరిశోధకుడిలా కనిపెట్టాలని చూశాడు. సేవ ఎంత గొప్పదైతే చేసినవాడు అంత మాయమైపోతాడన్నది నాకు ఆ ఘట్టంలో కనబడ్డ సత్యం. ఓడ కంపెనీ ఒక పేరున్న రచయితకి డబ్బిచ్చి ప్రశంసావ్యాసం రాయించుకుందని కూడా వాలెస్ బయటపెట్టాడు. ప్రకటనని వ్యాసంలా ముస్తాబు చెయ్యడం చదువరిని మోసగించడమేనన్నాడు. ఆ మాట నిజం.

అతనిలోనూ లోటు లేదని కాదు. తన దిగులుకి ఇచ్చినన్ని పేజీలు పెట్రాకి ఇవ్వలేదు. వంటశాల చూస్తానంటే ఓడవాళ్ళు ఒప్పుకోలేదు, అది అతని తప్పు కాదు. అయినా ఆమెకి పేరుంది, ముఖం వుంది. ఫెర్గూసన్ కాదు.

అందుకని ఈ వ్యాసాలకి నేనొక గీటురాయి పెట్టుకున్నాను: బక్షీసు పేజీ. అది వున్నదా, వుంటే ఏ గొంతుతో వుంది? చాలావాటిలో వుండదు. వున్నచోట రైలు చార్జీ లాగా అంకె ఒక్కటే వుంటుంది. ఇప్పుడు చాలా అమెరికన్ ఓడల్లో మనిషికి రోజుకి పదహారు నుంచి ఇరవై డాలర్ల దాకా బక్షీసు గది ఖాతాలో దానంతటదే పడుతుంది. దేశదేశాల సిబ్బంది నెలల తరబడి ఇల్లు వదిలి ఈ ఓడల్లో పనిచేస్తారు. చాలామంది రాబడిలో బక్షీసుది పెద్ద వాటా. 2006లో కుదిరి 2013లో అమల్లోకి వచ్చిన నౌకా కార్మిక ఒప్పందం రెండు కొలతలిచ్చింది, ఏ దేశం ఏదైనా పాటించవచ్చు. పని వారానికి 72 గంటలు మించకూడదు, లేదా విశ్రాంతి 77 గంటలకు తగ్గకూడదు. వారానికి 168 గంటలు. తీసివేత మీరే చేసుకోండి. రెండో లెక్కన 91 గంటల పని కూడా చట్టసమ్మతమే.

జీతం సరిగా ఇవ్వవలసింది కంపెనీ గదా, మననెందుకు అడగాలి అంటారా? న్యాయమైన ప్రశ్నే. కాని ఆ ప్రశ్న కంపెనీని అడగాలి. తువ్వాళ్ళు మడిచే కుర్రాణ్ణి అడిగితే అది న్యాయం కాదు, పిసినారితనానికి తొడిగిన చొక్కా.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో ఇప్పుడు చెప్పాలి. 2023లో మా అబ్బాయి మా ఇద్దర్నీ అలాంటి ఓడే ఎక్కించాడు. రోజుకి మనిషికి 16 డాలర్లు. ఇద్దరికీ ఏడు రోజులకి 224. పద్దెనిమిది వేల రూపాయల పైమాట! ఆరోరోజు ఫలహారాల దగ్గర ఒక తెలుగాయన, "కౌంటరు దగ్గరికెళ్ళి ఒక్కమాట చెబితే తీసేస్తారండీ, మేం తీయించేశాం" అన్నాడు. అబ్బాయికి భారం తగ్గుతుందని నాకు నేను చెప్పుకుని వెళ్ళాను. కౌంటరులో అమ్మాయి కారణం కూడా అడగలేదు. ఆ రాత్రీ మా పక్క మీద తువ్వాలుతో చేసిన ఏనుగు యథాప్రకారం కూచునే వుంది. ఆ కుర్రాడికి తెలిసిందో లేదో నాకు తెలియదు. అదే నయమనిపించింది.

తిరిగివచ్చి ఒక పత్రికకి వ్యాసం రాశాను. మూడు అంగాలూ వున్నాయి. అచ్చయింది కూడా. మా ఆవిడ చదివి, "ఏమండీ, ఆ అబ్బాయి ఏడీ?" అంది.

"ఏ అబ్బాయి?"

"గది సర్దిన అబ్బాయి. ఏనుగుని రాశారు గాని ఏనుగుని చేసినవాణ్ణి రాయలేదేం? ఆఖరి రాత్రి మీ పెట్టె తాళం పడకపోతే మోకాళ్ళమీద కూచుని వేసిపెట్టాడు. వాళ్ళ పాపకి పదినెలలట, ఇంకా ఎత్తుకోనే లేదట. పేరైనా గుర్తుందా?"

లేదు. ఫెర్గూసన్ అని కూడా నేను పెట్టలేదు. అప్పుడు కౌంటరు సంగతి ఆవిడకి చెప్పాను. ఆ పూట మరి మాట్లాడలేదు.

కాబట్టి నా గీటురాయి మీద మొదట తేలిపోయిన వ్యాసం నాదే. ఇకమీద రాసేవాళ్ళకి విమర్శకుడిగా నా మనవి ఒకటే. మీ గది సర్దినవాడి పేరేమిటి, ఎక్కడివాడు, దిగేముందు ఏమిచ్చారు? ఈ మూడింటికీ జవాబు రాశాకే సూర్యాస్తమయం రాయండి. సూర్యుడెక్కడికీ పోడు, మర్నాడూ అస్తమిస్తాడు.

నా వ్యాసానికొచ్చిన పారితోషికానికి ఇంకొంత కలిపి, మా ఆవిడ ఒక కవర్లో పెట్టి బీరువాలో దాచింది. కవరు మీద ఆ అబ్బాయి పేరు రాసింది. చిరునామాయే మా ఇద్దరికీ తెలియదు.